ఒక్కటే అడిగిన ఆపా

బోధన్ ఇంకా కొంత దూరం ఉండగానే మా బస్సు చెరకు బండ్ల వరుస వెనక ఆగిపోయింది. డ్రైవరు హారన్ కొట్టకుండా బీడీ ముట్టించుకున్నాడు. చెరకు ఆడే సీజన్లో ఈ రోడ్డు మీద హారన్ కొట్టేవాడు కొత్తవాడని అర్థం. నేను కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. రోడ్డు పక్క ఖాళీ జాగాలో, నడుము ఎత్తు గడ్డి మధ్య ఒక నల్లరాయి కనబడింది. ఎవరో బండి ఆసామి ఎద్దును తెచ్చి ఆ రాయికి కట్టేసి, పక్కనే పొయ్యి పెట్టుకుని రొట్టెలు కాల్చుకుంటున్నాడు. ఎద్దు తాపీగా రాయికేసి మెడ రుద్దుకుంటోంది. ఆ రాయి మీద ఎవరెవరి పేర్లు చెక్కారో నాకు చదవకుండానే తెలుసు. అందులో ఆపా పేరు లేదు. లేకుండా చూసుకున్నది కూడా ఆమే.

ఆపా పోయి ఏడాది దాటింది. నిజామాబాదులో వాళ్ల పాత ఇంట్లోనే పోయిందట. నాకు ఆలస్యంగా తెలిసింది. ఏడుపు రాబోయింది గానీ, బడిలో ఎవరైనా ఏడుస్తూ వస్తే "ముందుగాల పని చెప్పు, ఏడుసుడు తర్వాత" అనే ఆమె మాట గుర్తొచ్చి నవ్వొచ్చింది. ఆ తర్వాత బాగానే ఏడ్చాను.

ఆమె బోధన్ ఆడపిల్లల బడికి పెద్ద టీచరు. నేను అక్కడ కొత్తగా చేరిన తెలుగు టీచరును. ఆంధ్రప్రదేశ్ ఏర్పడి ఇంకా ఎక్కువ కాలం కాలేదు. పిల్లలూ, పిల్లల తల్లులూ, పోస్టుమానూ అందరూ ఆమెను ఆపా, అంటే అక్కా, అనే పిలిచేవారు. పొడుగ్గా, సన్నగా ఉండేది. ఇంట్లో ఉర్దూ, బజారులో తెలుగు, కోపం వస్తే రెండూ. బయటికి వస్తే నల్ల బురఖా తప్పదు. ముఖం మీది పరదా మామూలుగా కిందికే ఉండేది. ఎవరితోనైనా తేల్చుకోవలసిన మాట ఉంటే మాత్రం చేత్తో దాన్ని తల వెనక్కి విసిరేసేది. పరదా వెనక్కి పడిందంటే ఎవరికో మూడిందని మాకు తెలిసిపోయేది.

ఆమె బజారుకు తెచ్చే సంచి చూసి కూరగాయలమ్మే ఆమె ఎప్పుడూ నవ్వేది. పసిపిల్ల చొక్కా అంత సంచి. గుప్పెడు వంకాయలు పోస్తే కొత్తిమీర కట్టకు చోటుండదు. గీ సంచిల ఏం పడ్తదాపా అని ఆమె ఎగతాళి చేస్తే, ఆపా నింపాదిగా జవాబు చెప్పేది.

"సంచి చిన్నగుంటెనే సోయి ఉంటది. పెద్ద సంచి తెస్తె నువ్వు పోసిందల్ల మోసుకపోవాలె నేను."

బడిలోనూ ఇదే వరస. ఏ టీచరు ఏ మొర పెట్టుకోవడానికి వెళ్లినా ఆమె చూపుడువేలు పైకి లేచేది. ఒక్కటి చెప్పు. నేనొకసారి సెలవు, కారుతున్న కప్పు, విరిగిన కుర్చీ అన్నీ ఒక్కసారే ఏకరువు పెట్టబోతే ఆ వేలు లేచింది. ఆలోచించి కప్పు అన్నాను. సాయంత్రానికల్లా తాపీ మనిషి నిచ్చెనతో వచ్చాడు. కుర్చీ సంగతి తర్వాత ఎప్పుడో చూసుకున్నాం. సెలవు ఎందుకు అడగాలనుకున్నానో నాకే గుర్తు లేదు.

అందరికీ ఈ పద్ధతి నచ్చేది కాదు. నాకూ నచ్చలేదు. పాటలు బాగా పాడే పిల్లలు ఉన్నారు, ఒక హార్మోనియం తెప్పిద్దామంటే కాదంది. పుస్తకాలకు బీరువా కావాలని నేను ఏడాది పొడుగునా అడిగాను. అది మన వంతు వచ్చినప్పుడు అనేది. ఆ వంతు ఆమె ఉండగా రాలేదు. బీరువా విషయంలో నాకు ఆమె మీద ఇప్పటికీ కోపం ఉంది. చనిపోయినవాళ్ల మీద కోపం ఉండకూడదంటారు గానీ, అలా అన్నవాళ్లు ఆమె దగ్గర పనిచేసి ఉండరు.

అప్పట్లో మా బడి ఏడో తరగతితో ఆగిపోయేది. ఏడు పాసైన పిల్ల ఇంట్లో కూర్చునేది. కొన్నాళ్లు కుట్లు అల్లికలు, ఆ తర్వాత పెళ్లి. ఊరివాళ్లు కమిటీ వేసుకుని జాగా, వసతి చూపించి సంతకాలు పెడితే ఎనిమిదో తరగతి నుంచి హైస్కూలు తెరుచుకోవచ్చని ఒక ఎండాకాలం పై ఆఫీసు నుంచి కబురొచ్చింది. కమిటీ సంతకం లేకపోతే గుర్తింపు రాదు. గుర్తింపు రాకపోతే పిల్లలు పెద్ద పరీక్షకు కూర్చోలేరు. ఆ ఏడు మా బడిలో ఏడో తరగతి పిల్లలు ఎప్పుడూ లేనంతమంది పాసయ్యారు. వాళ్ల సంగతే ఆపా మనసులో ఉంది. ఊరు మనసులో మాత్రం భవనం ఉంది.

కమిటీ పటేలు గారి రైసుమిల్లు ఆఫీసులో కూర్చుంది. పటేలు అంటే చుట్టుపక్కల చెరకు, వరి బాగా పండించే పెద్ద రైతు. చెడ్డవాడు కాదు, ఇచ్చే చెయ్యి ఉన్నవాడు. చక్కెర ఫ్యాక్టరీకి పోయే తొవ్వలో తనకున్న జాగా ఉచితంగా రాసిస్తానన్నాడు. అది వినగానే కమిటీకి పూనకం వచ్చింది. ఒకరు కమాను కావాలన్నారు, దాని మీద పటేలు తల్లి పేరు ఉండాలన్నారు. వకీలు సాబు ఉపన్యాసాలకు స్టేజీ కావాలన్నాడు. పూలతోట, జెండా గద్దె, టీచర్లకు క్వార్టర్లు, పై మెట్టుకు నాపరాయి, అన్నీ వచ్చాయి. హార్మోనియం గది కూడా వచ్చింది. నేను ఆశగా ఆపా వైపు చూశాను. ఆమె పరదా వెనక్కి విసిరింది.

"ఇండ్ల ఏది లేకుంటె బడి నడువదో, ఒక్కటి చెప్పుండ్రి."

ఒకరు గదులన్నారు, ఒకరు డబ్బన్నారు. వకీలు సాబు క్రమశిక్షణ అన్నాడు. ఆపా అందరినీ విని, ఇంట్లోంచి బయల్దేరిన ఆడపిల్ల బడి దాకా చేరడం ఒక్కటే ముందు పని అంది. తక్కినవన్నీ పిల్ల చేరాక. ఇప్పుడున్న బడి ఊరి మధ్యలో ఉంది, చుట్టూ పాత కాలపు ఎత్తు గోడ ఉంది, సాయబుల పిల్లలు, కాపుల పిల్లలు అందరికీ తెలిసిన తొవ్వే. పొద్దున పెద్దపిల్లలు, మధ్యాహ్నం చిన్నపిల్లలు కూర్చుంటే ఒక్క ఇటుక పెట్టకుండా జూన్లోనే హైస్కూలు మొదలుపెట్టవచ్చు. దానికి సంతకం పెట్టండి, భవనం సంగతి తర్వాత చూద్దాం అని ఆమె మాట.

పటేలుకు మొహం చిన్నబోయింది. జాగా ఇస్తానన్నవాడిని పక్కనపెట్టి పాత గోడ గొప్పదనం చెబితే ఎవరికైనా అంతే. జాగాకేమొచ్చింది, తొవ్వ అంత వెడల్పుగా ఉంది, గాలి వెలుతురు ఉంది కదా అన్నాడు.

"గా తొవ్వను మీరు ఎండకాలంల చూసి చెప్తుండ్రు పటేలా. సీజన్ల చూసి చెప్పుండ్రి."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాననుకుంటాను. అది మా ప్రాంతంవాళ్లు మాత్రమే చేయగల పొరపాటు. మా దగ్గర పెళ్లిళ్లు, పంచాయితీలు, ఇళ్ల బేరాలు, కమిటీలు అన్నీ ఎండాకాలంలోనే కుదురుతాయి. పొలం పని ఉండదు, తీరిక ఉంటుంది. ఫ్యాక్టరీ అప్పుడు నిద్రలో ఉంటుంది. తొవ్వ మీద కోడిపిల్ల కూడా అడ్డం రాదు. అదే తొవ్వ చలికాలంలో ఎలా ఉంటుందో అక్కడ కూర్చున్న ప్రతి ఒక్కరికీ తెలుసు. వాళ్లలో సగం మంది చెరకు ఆ తొవ్వలోనే పోతుంది. చెరకు పోయే తొవ్వగా తెలుసు, అంతే. ఆడపిల్ల నడిచే తొవ్వగా ఎవరూ ఎప్పుడూ చూడలేదు.

కమిటీ పటేలు జాగానే ఖాయం చేసింది, ఎవరో పెద్దాయన వచ్చి అక్కడ శంకుస్థాపన చేశాడు. రాయి మీద ఆపా పేరు కూడా చెక్కిస్తామన్నారు. వద్దంది. నేను అడగని దాని మీద నా పేరెందుకు అంది. ఆ రోజు సభలో బూంది పొట్లాలు పంచారు. ఆపా తన పొట్లం నా చేతిలో పెట్టి బడికి వెళ్లిపోయింది.

జూన్లో ఆమె ఎవరి సంతకం కోసమూ ఆగకుండా పాత బడిలోనే పొద్దుటి పూట ఎనిమిదో తరగతి తెరిచింది. ఇంటింటికీ తిరిగి పిల్లలను అడిగింది. తండ్రులు వంద అనుమానాలు చెబితే ఇద్దరం వరండాలో కూర్చుని వినేవాళ్లం. ఆమె అన్నిటికీ జవాబు చెప్పేది కాదు. పిల్ల ఏ తొవ్వన వస్తది, ఎవరితోటి వస్తది, అది చెప్పుండ్రి, మిగిలింది నాకు విడువుండ్రి అనేది. ఆ ఒక్కటి కుదిరితే తండ్రి మెత్తబడేవాడు. గది నిండింది. గుర్తింపు లేని తరగతి, సంతకం లేని బడి. తనిఖీకి వచ్చిన అధికారి ఇది నిబంధనలకు విరుద్ధం కదా అంటే, పిల్లలను ఇంటికి పంపే కాగితం మీరే రాసియ్యండి, నేను చదివి వినిపిస్తానంది. ఆయన టీ తాగి వెళ్లిపోయాడు.

చలి మొదలైంది. ఫ్యాక్టరీ కూత వినబడింది. ఊరంతా ఉడుకుతున్న చెరకు పాల వాసన. కమిటీ అప్పటికే ఆ జాగాలో రేకుల షెడ్డు వేయించింది. పై ఆఫీసువాళ్లు గుర్తింపు కోసం చూడటానికి వచ్చేలోపు ఎనిమిదో తరగతి షెడ్డులోకి మారాలి, మారకపోతే సంతకాలు లేవు అని కబురు పంపింది. మారితే పిల్లలను మాన్పిస్తామని తండ్రులు ముఖం మీదే చెప్పారు. మారకపోతే గుర్తింపు పోతుంది. ముందుకు పోతే నుయ్యి, వెనక్కి పోతే గొయ్యి. ఆ రెండు రోజులూ నాకు అన్నం సయించలేదు. ఆపా మాత్రం మామూలుగానే తిని, పరదా వెనక్కి వేసుకుని మిల్లు ఆఫీసుకు నడిచింది. వెనకాల నేను.

పటేలు చిన్నబిడ్డ ఆ ఏడే ఏడు పాసై ఇంట్లో కూర్చుని ఉంది. కొత్త భవనం లేచాక దర్జాగా పంపుతానని ఆయన అనేవాడు. ఆపా షెడ్డును ఒక్క మాట కూడా అనలేదు.

"షెడ్డు మంచిగుంది పటేలా. మీ బిడ్డ పేరే ముందుగాల రాసుకుంట. రేపు పొద్దుగాల ఆమెను తోల్కొని మీరు ముందు నడువుండ్రి. నా పిల్లలందర్ని తీస్కొని మీ వెనుక వస్త."

నా బిడ్డకు ఎవడు అడ్డమొస్తడో చూస్త అన్నాడు పటేలు. పౌరుషం గల మనిషి, మాట తప్పలేదు. మర్నాడు జీపులో వచ్చాడు. ఆపా జీపును ఊరి చివర ఆపించింది. పిల్లలకు జీపులు లేవు కదా అంది. ఆయన బిడ్డను దింపి చెయ్యి పట్టుకుని నడవడం మొదలుపెట్టాడు. వెనకాల ఎనిమిదో తరగతి పిల్లలు, పిల్లల వెనక మేము.

కొంత దూరం బాగానే సాగింది. ఒకే వరస బండ్లు, పక్కన నడవడానికి చోటు. ఫ్యాక్టరీ దగ్గరపడే కొద్దీ వరస రెండయింది, తర్వాత ఎన్ని వరసలో తెలియకుండా పోయింది. చక్రం పక్కన చక్రం. రోడ్డుకు అడ్డంగా చెరకు మోపుల కొసలు. పేడ, మూత్రం, తొక్కిన చెరకు ఆకు కలిసిన బురద. రెండేసి రోజులుగా వంతు కోసం కాచుకున్న మనుషులు అక్కడే వండుకుంటున్నారు, అక్కడే గోచీలతో నీళ్లు పోసుకుంటున్నారు. మమ్మల్ని చూసి వాళ్లూ సిగ్గుపడ్డారు, ఒకడు తువ్వాలు చుట్టుకుని బండి చాటుకు పోయాడు. తప్పు వాళ్లది కాదని ఆపా పిల్లలకు వినబడేట్టు చెప్పింది. వాళ్ల బువ్వ గీడనే ఉంది, యాడికి పోతరు అంది.

ఒక చోట తొవ్వే లేదు. బండికీ బండికీ మధ్య కాడి కింద నుంచి దూరాలి. పటేలు బిడ్డ చురుకైన పిల్ల. తండ్రి చెయ్యి విడిపించుకుని, లంగా దగ్గరికి పట్టుకుని గబుక్కున దూరింది. అవతల ఇంకో వరస. తలపాగాతో, భారీ మనిషి, పటేలు దూరలేకపోయాడు. ముందున్న బండి కదిలింది, పక్క ఎద్దు కొమ్ములు విసిరింది, సందు మూసుకుపోయింది. ఆయన ఇవతల, పిల్ల అవతల. మధ్యలో చెరకు గోడ. ఆయన బిడ్డను పేరు పెట్టి పిలిచాడు. ఫ్యాక్టరీ మోతలో ఆ పిలుపు ఆయనకే వినబడి ఉండదు. మళ్లీ పిలిచాడు. ఊళ్లో ఎవరికీ భయపడని ఆ మనిషి గొంతు వణకడం నేను అప్పుడే విన్నాను. మా వెనకున్న పిల్లలు ఒకరి చెయ్యి ఒకరు పట్టుకున్నారు.

ఒక ముసలి మరాఠీ బండివాడు, ఏమనుకున్నాడో, తన ఎడ్లను వెనక్కి అదిలించి కాడి పైకెత్తి పట్టుకున్నాడు. "యే బాళా, యే" అని, రా బిడ్డా అన్నట్టు పిలిచాడు. పిల్ల వంగి ఇవతలికి వచ్చింది. లంగా అంచుకు ఇరుసు నూనె నల్లగా పట్టింది. ఏడవలేదు. తండ్రే ఆ పిల్ల చెయ్యి గట్టిగా పట్టుకుని వెనక్కి తిరిగాడు. ఊరి చివర దాకా ఆ చెయ్యి విడవలేదు. జీపు దగ్గర ఆగి ఆయన అన్న మాట నాకు బాగా జ్ఞాపకం.

"షెడ్డు గొడ్లకు పనికొస్తది. సంతకాలు పాత బడికే పెడ్త." బిడ్డను జీపు ఎక్కించి, "గిట్లుంటదని ముందుగాల్నే చెప్పొచ్చు గద ఆపా" అన్నాడు.

"చెప్పిన. ఎండకాలంల చెప్పిన."

ఆమె ఊరుకుని ఉంటే సరిపోయేది. ఊరుకోలేదు. అంతమంది పిల్లల ముందు, జీపు డ్రైవరు ముందు ఆ మాట ఆయనకు గుచ్చుకుంది. మర్నాడు ఆయన సంతకం పెట్టాడు, ఆయన బిడ్డ కూడా పలక పట్టిన చేత్తో నోటుబుక్కు పట్టుకుని ఎనిమిదో తరగతిలో కూర్చుంది. గుర్తింపు వచ్చింది. అయితే కమిటీ అనుమతి లేకుండా జూన్లో తరగతి తెరిచినందుకు ఆపా తప్పు ఒప్పుకోవాలని కమిటీ పట్టుబట్టింది. ఆమె ఒప్పుకోలేదు. ఎండలు ముదిరేసరికి మెండోర అనే దూరపు ఊరికి బదిలీ కాగితం వచ్చింది.

బస్టాండుకు నేను ఒక్కదాన్నే వెళ్లాను. ఇంకెవరినీ రానివ్వలేదు. అదే చిన్న సంచి, ఒక ట్రంకు పెట్టె. తప్పయిందని ఒక్క మాట అంటే పోయేదేముంది, ఉట్టి మాటే కదా అన్నాను. ఆమె పరదా పైకెత్తి నన్ను చూసింది.

"నేను తప్పైందంటె, నా తర్వాత వచ్చే పెద్ద టీచరు గూడ అనాలె. గా అలవాటు చెయ్యద్దు. ఒక్కటే అడిగిన, ఒక్కటి దొరికింది. ఉద్యోగం గూడ గీడనే ఉండాల్నంటె రెండు పోతుండె."

బస్సు కదిలాక కిటికీలోంచి ఒక వేలు బయటికి వచ్చింది. వీడ్కోలా, హెచ్చరికా తెలియలేదు. ఆ తర్వాత ఆమెను ఒకటి రెండుసార్లు కలిశాను గానీ, నాకు గుర్తున్నది ఆ వేలే.

ఇదంతా ఈ ఆగిపోయిన బస్సులో కూర్చుని ఎందుకు తవ్వుకున్నానంటే, నేనిప్పుడు వర్నిలో పెద్ద టీచరును, ఈ పూట బోధన్‌లో మీటింగుకు వెళుతున్నాను. ఆడపిల్లలకు జూనియర్ కాలేజీ వస్తుందట. కమిటీలో నేనూ ఉన్నాను. పటేలు కాలం చేశాడు, ఆయన కొడుకు అధ్యక్షుడు. తండ్రి పేరు నిలబెట్టాలని ముచ్చట పడుతున్నాడు. జాగా ఏదంటే, ఇదే. ఈ రాయి ఉన్న జాగానే. మీటింగు మొదట ఎండాకాలంలో పెట్టారు. ఏదో వంక చెప్పి సీజను దాకా జరిపించింది నేనే.

బస్సు కదిలేట్టు లేదు. దిగాను. రాయికి కట్టిన ఎద్దును తప్పించుకుని, కుచ్చిళ్లు పైకి దోపుకుని, బండ్ల మధ్య నుంచి నడిచాను. ఒకచోట కాడి కింద వంగాను. ఈ వయసులో నడుము పట్టేసింది.

వెళ్లేసరికి మీటింగు సగమైంది. గోడకు కాలేజీ భవనం నక్షా వేలాడుతోంది. అందులో కమాను ఉంది, స్టేజీ ఉంది, పూలతోట ఉంది. నాకు నవ్వొచ్చింది. ఆలస్యమైందేం మేడం అని అడిగాడు అధ్యక్షుడు. నా చీర అంచు మీది ఇరుసు నూనె చూపించాను. ఆయన తేలిగ్గా తీసుకున్నాడు. అవన్నీ పాత ముచ్చట్లని, ఇప్పుడు రోడ్డు పెద్దగైందని, ట్రాక్టర్లు కూడా వచ్చాయని చెప్పుకుపోతున్నాడు. ఆ చివరి కుర్చీలో ఆయన చెల్లెలు కూర్చుని ఉంది. ఆనాడు కాడి కింద దూరిన పిల్లే. మా పాత బడిలో చదివి, ఇప్పుడు అక్కడే లెక్కలు చెబుతోంది. తల వంచుకుని వింటోంది.

నా చెయ్యి దానంతటదే పైకి లేచింది. ఒక్క వేలు.

"ఒక్కటే అడుగుత. అందరు లేచి నాతోటి గా జాగ దాక నడిచి రండి. వచ్చినంక మీరు ఏది కట్టమంటె అది కట్టుకుందాం."

ఎవరూ కదల్లేదు. ఒకాయన గడియారం చూసుకున్నాడు. అధ్యక్షుడు జీపు తెప్పిస్తానన్నాడు. అప్పుడు చివరి కుర్చీ చప్పుడైంది. ఆమె లేచి నిలబడి, చీర కుచ్చిళ్లు నడుములో దోపుకుంది. వాకిలి వైపు చెయ్యి చూపించింది.

"జీపొద్దు. నువ్వు ముందు నడువు అన్నా. మేం నీ వెనుక వస్తం."